బండల మీద బారామహల్

ఏర్కాడుకి పోతూ కిటికీలోంచి చూసి వదిలేసే హోసూరు, కృష్ణగిరి కొండల్లో ఒక వారాంతం

బెంగళూరు నుంచి సేలం వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద శనివారం పొద్దున చూడాలి కార్ల వరసని. ఏర్కాడుకి పోయేవి కొన్ని, కొడైకెనాల్‌కి కొన్ని, మధుర, రామేశ్వరాలకి కొన్ని. అత్తిబెలె దగ్గర కర్ణాటక అయిపోతుంది. హోసూరు వంతెన ఎక్కి దిగుతారు. సూలగిరి దగ్గర కాఫీ. ఆ తర్వాత కృష్ణగిరి టోల్‌గేటు. ఈ దారి పొడుగునా రెండు వైపులా కొండలే. అయినా వాటి కోసం బండి ఆపేవాళ్ళు అరుదు. అవి మనం సెలవులకి వెతుక్కునే రకం కొండలు కావు మరి. టీ తోటలుండవు, మాల్ రోడ్డుండదు, పడవల చెరువూ ఉండదు. నున్నటి బోడిబండలు, వాటి పగుళ్ళలో నాలుగు తుప్పలు, పక్కనే రాగిచేను.

ఈ సీమని ఊటీతో పోల్చుకుంటూ వస్తే నిరాశ తప్పదు. హోసూరు, తళి ప్రాంతాల చల్లదనం చూసి తెల్లదొరలు లిటిల్ ఇంగ్లాండ్ అని ముద్దుపేరు పెట్టారు. పర్యాటక కరపత్రాలు ఇప్పటికీ ఆ పేరునే పట్టుకుని వేలాడుతున్నాయి. నన్నడిగితే ఆ పేరు ఈ నేలకి అన్యాయమే చేసింది. చలి కోసమే అయితే ఇంతకన్నా చల్లటి ఊళ్ళు బోలెడున్నాయి. ఇక్కడ చూడాల్సింది రాయి. ఈ జిల్లాలో మనుషులు సమాధి కట్టినా, కోట కట్టినా, గుడి కట్టినా, చివరికి యుద్ధం చేసినా రాతితోనే. ఆ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. భూమి లోతుల్లో రాయి ఎలా ఉడికి రూపం మారుతుందో తెలుసుకోవడానికి దేశదేశాల పరిశోధకులు కృష్ణగిరి, ధర్మపురి దారుల వెంట సుత్తులు పట్టుకుని తిరిగారు.

ముందు నేల తీరు తెలిస్తే తిరగడం సులువు. హోసూరు మైసూరు పీఠభూమి అంచున, దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడికి యాభై కిలోమీటర్ల దూరంలోని కృష్ణగిరి అంతకన్నా నాలుగు వందల మీటర్లు కింద. సూలగిరి దాటాక రోడ్డు దిగుతున్నట్టు చెవులకే తెలుస్తుంది, వేసవి అయితే ఒంటికి కూడా తెలుస్తుంది. పాత సేలం జిల్లా దస్తావేజుల్లో పైభాగాన్ని బాలాఘాట్ అనీ కింది భాగాన్ని బారామహల్ అనీ రాసేవారు. రెండింటి చరిత్రా ఒకటి కాదు. బారామహల్ 1792లో శ్రీరంగపట్నం ఒడంబడికతోనే కుంపిణీ చేతికి పోయింది. హోసూరు మాత్రం 1799లో టిప్పు సుల్తాను పడిపోయేదాకా మైసూరు కిందే ఉంది. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి విడదీసి కృష్ణగిరి జిల్లా చేసినప్పుడు ఈ పైనా కిందా రెండూ ఆ జిల్లాలోకే వచ్చాయి.

హోసూరుని చాలామంది ఫ్యాక్టరీల ఊరనే అనుకుంటారు. అబద్ధమేమీ కాదు. టైటాన్ గడియారాలు, టీవీఎస్ బండ్లు, అశోక్ లేలాండ్ లారీలు ఈ ఊరి పేరుని దేశమంతా తిప్పాయి. కానీ ఊరి నడుమ ఉన్న చంద్రచూడేశ్వర స్వామి కొండ ఎక్కి చూస్తే లెక్క మారుతుంది. మెట్లున్నాయి, బండి పోయే దారీ ఉంది. మెట్లే మేలు. శివుడు ఉడుము రూపంలో ఇక్కడికి వస్తే పార్వతి వెంటపడి పట్టుకుందని స్థలపురాణం. అమ్మవారు మరకతాంబిక. ఈశ్వరుడి కొండకి తోడు పెరుమాళ్ళ కొండ, బ్రహ్మ కొండ కూడా ఉన్నాయి. త్రిమూర్తులకీ తలా ఒక కొండ కేటాయించిన ఊరు నాకు తెలిసి ఇంకోటి లేదు. ఫాల్గుణ పున్నమి ప్రాంతాల రథోత్సవం నాడు తమిళం, తెలుగు, కన్నడం మూడూ కలిసిన కేకలతో తేరు కదులుతుంది.

అక్కడికి దగ్గర్లోనే తొరపల్లి. రాజాజీ 1878 డిసెంబరు 10న పుట్టిన ఊరు. స్వతంత్ర భారత తొలి భారతీయ గవర్నర్ జనరల్ పుట్టిన ఇంటిని తమిళనాడు ప్రభుత్వం స్మారకంగా ఉంచింది. పెద్ద భవనం అనుకుని పోకండి. మామూలు పల్లెటూరి ఇల్లు, అదే దాని అందం. మత్తిగిరిలో 1824 నాటి పశువుల క్షేత్రం ఉంది. కుంపిణీ సైన్యానికి గుర్రాలు పెంచడానికి మొదలైన ఆ క్షేత్రం తర్వాత పశువుల పెంపకానికి మళ్ళింది. ఊరి చుట్టుపక్కల పాలీహౌసుల్లో గులాబీలు పండిస్తారు. ప్రేమికుల రోజుకి విదేశాలకి విమానమెక్కే గులాబీల్లో ఇక్కడి తాజ్‌మహల్ రకానిది మంచి పేరు.

కెలవరపల్లి జలాశయం గురించి మాత్రం నిజం చెప్పాలి. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని, అంటే తమిళుల తెన్‌పెణ్ణై, హోసూరు చేరకముందే బెంగళూరు మురుగునంతా మోసుకొస్తుంది. బెళ్ళందూరు, వర్తూరు చెరువుల నీళ్ళు కలిసేది ఈ నదిలోనే. వరద వచ్చినప్పుడు ఆనకట్ట కింద తెల్లటి నురుగు గుట్టలుగా లేస్తుంది, పొలాల మీదికీ రోడ్ల మీదికీ పోతుంది. కొందరు దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగుతారు. మంచులా కనిపించేది మహానగరం విడిచిన మురుగు నురుగు. దూరం నుంచి చూసి వచ్చెయ్యడం మంచిది.

దారి తెలుగులోనే అడగండి

తెలుగువాడికి ఈ సీమలో ఒక సౌకర్యం ఉంది. ఊటీలో, కొడైకెనాల్‌లో వచ్చీరాని ఇంగ్లీషుతో నెట్టుకురావాలి. ఇక్కడ దెంకణికోట సంతలోనో, బాగలూరు బస్టాండులోనో, వేపనపల్లి టీకొట్లోనో 'అన్నా, కోటకి దారెట్ల?' అని అడిగితే చాలు, తెలుగులోనే జవాబొస్తుంది. మాట తీరు కుప్పం, పలమనేరు వాళ్ళ యాసకి దగ్గరగా ఉంటుంది, నడుమ కన్నడం తొంగిచూస్తుంది. హోసూరు ప్రాంతంలో తరతరాలుగా తెలుగు, కన్నడ, తమిళ కుటుంబాలు ఒకే వీధిలో ఉంటున్నాయి. 1956లో భాషల లెక్కన రాష్ట్రాల గీతలు మారినా ఈ తాలూకా పాత సేలం జిల్లాతో మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. తమిళాన్ని బడుల్లో తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత తెలుగు బడుల పిల్లలు పదో తరగతి పరీక్ష మాతృభాషలో రాయడానికి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అయినా ఇక్కడి రచయితలు తమ యాసలోనే కథలు రాసి పుస్తకాలు వేశారు. ఆ కథల్లో కొండలు, మోదుగుపూలు, రాగిముద్దలు, ఏనుగులు కనిపిస్తాయి. ప్రయాణానికి ముందు ఒక్కటైనా చదివితే గైడుతో పని తగ్గుతుంది.

పాండవుల పేరు చెప్పుకున్న సమాధులు

సూలగిరి దాటి హైవే వదిలి లోపలికి వెళ్తే మల్లచంద్రం. ఈ జిల్లాలో ఒక్క చోటికే పోయే వీలుంటే నేను చెప్పేది ఈ గుట్ట పేరే. బండ మీద రెండు వందలకి పైగా రాతి గూళ్ళు ఉండేవని లెక్క. చాలావాటి కప్పులు జారిపోయాయి, కొన్నిటిని నిధుల ఆశతో తవ్వేశారు. మిగిలినవి చాలు నోరు తెరిచి నిలబడడానికి. నాలుగు పక్కలా నాలుగు పలకలు, పైన ఒక పెద్ద పలక, ఒక పక్క పలకకి గుండ్రటి కంత. గూడు చుట్టూ మళ్ళీ పలకలతోనే ప్రాకారం.

ఇంత పెద్ద పలకలు ఎక్కడ దొరికాయంటే కాళ్ళ కిందే చూడాలి. పగలు ఎండకి కాగి రాత్రి చల్లారే ఈ బండలు వేల ఏళ్ళలో ఉల్లిపాయలా పొరలు పొరలుగా లేస్తాయి. లేచిన పొరని సరైన చోట పగలగొడితే పలక సిద్ధం. ఇనుప యుగం మనుషులు గుట్టనే గనిగా వాడుకుని గుట్ట మీదే కట్టారు. ఊళ్ళోవాళ్ళకి ఇవి పాండవుల ఇళ్ళు. వనవాసంలో పాండవులు ఉండి వెళ్ళారట. చిత్తూరు వైపు ఇలాంటివాటిని పాండవుల గుళ్ళంటారు, తెలంగాణలో రాక్షసగుళ్ళు అంటారు. ఎవరు కట్టారో మరిచిపోయాక ఎంతటి శ్రమనైనా పాండవులకో రాక్షసులకో అంటగట్టడం మనకి అలవాటే. పురావస్తు శాస్త్రం మాత్రం ఇవి చచ్చిపోయినవాళ్ళ కోసం కట్టినవని చెబుతుంది. కంతలో తల దూర్చి చూసే ముందు అది గుర్తుంటే చాలు. పలకల మీద ఎక్కి ఫొటోలు దిగడం, పేర్లు చెక్కడం వద్దని ప్రత్యేకంగా చెప్పాలా?

ఇదే జిల్లాలోని బర్గూరు తాలూకా మయిలాడుంపారై పేరు 2022 మే నెలలో దేశమంతా మారుమోగింది. అక్కడి తవ్వకాల్లో దొరికిన ఇనుము పొరకి క్రీస్తుపూర్వం 2172 నాటిదని కాలనిర్ణయం వచ్చిందని ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో ప్రకటించారు. అంటే సుమారు 4,200 ఏళ్ళు. 2025 జనవరిలో తూత్తుకుడి జిల్లా శివగళై అంతకన్నా పాత తేదీలతో ముందుకొచ్చింది. ఈ పోటీలో ఎవరు గెలిచినా, మల్లచంద్రం పలకల్ని చీల్చిన చేతుల వెనక ఉన్న లోకం ఎంత పాతదో దీనితో కొంత అందుతుంది.

పొలం గట్ల మీద వీరగల్లులు కూడా కనిపిస్తూనే ఉంటాయి. పశువుల్ని కాపాడబోయి చచ్చినవాడు, పులితో కలబడినవాడు, ఊరి కోసం కత్తి పట్టినవాడు. కొన్నిటికి పసుపు కుంకుమ, కొన్నిటికి గేదె ఆనుకుని వీపు గోక్కునే భాగ్యం. పదమూడో శతాబ్దంలో హొయ్‌సల రామనాథుడు రాజధానిగా చేసుకున్న కుందాణి కూడా ఈ జిల్లాలోనే ఉంది. ఇప్పుడది చిన్నకొత్తూరు దగ్గరి నిశ్శబ్దమైన పల్లె.

దొర్లించిన బండలే ఫిరంగులు

బారామహల్ అంటే పన్నెండు కోటల సీమ. కృష్ణగిరి, జగదేవి, మహారాజగడ, గగనగడ, తట్టక్కల్, తిరుపత్తూరు, వాణియంబాడి... జాబితా ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. జగదేవి పేరు వెనక జగదేవరాయలున్నాడు. పెనుకొండని ముట్టడించిన సుల్తాను సైన్యాన్ని తిప్పికొట్టి, అందుకు బహుమానంగా ఈ సీమలో పాలన సంపాదించి, తర్వాత కర్ణాటకలోని చన్నపట్టణానికి మకాం మార్చిన నాయకుడు. అనంతపురం వైపు నుంచి వచ్చే పాఠకులకి ఈ కోట గోడలు కొంచెం తెలిసినట్టే అనిపిస్తే తప్పులేదు.

కృష్ణగిరి ఊరిని ఆనుకుని లేచిన కొండని సయ్యద్ బాషా కొండ అంటారు. పైన దర్గా ఉంది, అంతకు ముందే విజయనగర కాలపు కోట ఉంది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఈ కొండని ఎండ ముదరకముందే ఎక్కాలి. బండనే చెక్కిన మెట్లు కొంతదూరం బాగుంటాయి, తర్వాత గోడలు, బురుజులు, వాననీటి దోనెలు. నిటారుగా ఉన్న చోట ఒకసారి ఆగి కిందికి చూడండి. 1791 నవంబరులో లెఫ్టినెంట్ కర్నల్ మాక్స్‌వెల్ సైన్యం రాత్రివేళ ఈ కొండ మీదికొచ్చింది. కింది కోట పడిపోయింది. పై కోట తలుపు మాత్రం టిప్పు సిపాయిలు మూసేశారు. కుంపిణీ సైనికులు నిచ్చెనలు వేస్తుంటే పైనుంచి పెద్దపెద్ద బండలు దొర్లించారు. నిచ్చెనలు విరిగాయి, మనుషులు నలిగారు, మాక్స్‌వెల్ వెనక్కి తగ్గాడు. తుపాకులున్న సైన్యాన్ని రాళ్ళతో తరిమిన కోట ఇది. చివరికి కుంపిణీకి దక్కింది యుద్ధంలో కాదు, మరుసటి ఏడాది కాగితం మీద సంతకంతో.

ఆ సంతకం తర్వాత బారామహల్‌కి వచ్చిన అధికారి కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్. ఆయన కింద పనిచేసిన కుర్ర అధికారి థామస్ మన్రో. రైతు దగ్గరే నేరుగా శిస్తు వసూలు చేసే పద్ధతికి పునాది ఈ కొండల మధ్యే పడింది. 1800లో మన్రో దత్తమండలాలకి బదిలీ అయి, ఇక్కడ నేర్చిన లెక్కని రాయలసీమలో అమలు చేశాడు. కడప, కర్నూలు, అనంతపురం, బళ్ళారి రైతుల మీద పడిన ఆ లెక్క మంచిదో చెడ్డదో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన మన్రో పేరు మన సీమ జనానికి కొత్త కాదు. బారామహల్‌లో ఆయన చేసిన అప్రెంటిసు మాత్రం మనకి అంతగా తెలియదు.

కోటలు ఇంకా కావాలంటే రాయకోట ఉంది. హోసూరు నుంచి ధర్మపురి పోయే రైలు మార్గం మీదే ఆ ఊరు. 1791 జులైలో మేజర్ గౌడీ పట్టుకున్న ఈ కొండకోట కూడా పురావస్తు శాఖ కిందే ఉంది. కృష్ణగిరి కన్నా ఇక్కడ సందడి తక్కువ, గాలి ఎక్కువ. కింద టమాటా మార్కెట్టు మాత్రం భలే సందడి. మదనపల్లె వాళ్ళు ధరలు అడిగి పోల్చుకోవచ్చు! కెలమంగలం దగ్గరి ఉద్దెదుర్గం, అంచెట్టి వైపు అంచెట్టిదుర్గం ముళ్ళపొదలు దాటగలిగినవాళ్ళకే.

కొండ ఎక్కినప్పుడు ఇంకో దృశ్యం కూడా కళ్ళబడుతుంది. దూరంగా ఒక గుట్ట సగానికి కోసేసి ఉంటుంది. కృష్ణగిరి గ్రానైట్‌కి, అందులోనూ పారడైసో అనే రకానికి, విదేశీ వంటిళ్ళలో మంచి గిరాకీ. ఉపాధి కావాలి, రోడ్డు కావాలి, ఇల్లు కావాలి. నిజమే. కానీ కోసేసిన గుట్ట కింద వీరగల్లు ఉందో, గూడు ఉందో చూశాక కోసారా అన్నది నాకు తెగని ప్రశ్న. పర్యాటకం కోసం జిల్లాలో ఒక్క పని చెయ్యమంటే నేను కొత్త పార్కు అడగను. ఏ గుట్ట మీద ఏముందో పూర్తి పట్టిక వేసి ఊరి పంచాయతీ గోడకి అంటించమంటాను.

కృష్ణగిరి ఆనకట్ట గురించి క్లుప్తంగా. కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉండగా 1950లలో దక్షిణ పినాకిని మీద కట్టారు. 2017 నవంబరులో ఒక గేటు విరిగి నీళ్ళు పోయినప్పుడు వార్తల్లోకెక్కింది. పార్కు, చేపల దుకాణాలు, పిల్లలకి ఊయలలు, సాయంత్రం రెండు గంటలు గడిచిపోతాయి. మే నుంచి జులై దాకా అయితే ఆనకట్ట కన్నా మామిడి తోటలే మేలు. మనం చిత్తూరులో బెంగళూర అనే తోతాపురే ఇక్కడా రాజు. ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీలకి పోతుంది. దారి పక్క బుట్టల్లో అల్ఫోన్సో, నీలం, సెందూర రకాలు బేరమాడి కొనుక్కోవచ్చు.

ఏనుగులకి దారి విడిచి

హోసూరుకి పడమర, దక్షిణాలు వేరే లోకం. దెంకణికోటలో బేటరాయ స్వామిని చూసుకుని ముందుకు పోతే అయ్యూరు, ఆ పైన బెట్టముగిలాళం. మేలగిరి కొండల్లో ఎత్తయిన పల్లె. ఇరుళ గిరిజనుల గుడిసెలు, రాగి, సామ చేలు, శీతాకాలంలో పళ్ళు కొట్టుకునే చలి. చలి కావాలనే వాళ్ళ కోరిక ఇక్కడ తీరుతుంది. అంగళ్ళూ హోటళ్ళూ ఆశించకూడదు.

బన్నేరుఘట్ట అడవుల నుంచి ఏనుగుల మందలు జవళగిరి, తళి మీదుగా ఇటు దిగుతాయి. రాగి పంట చేతికొచ్చే నవంబరు నుంచి రెండు మూడు నెలలు వాటి రాకపోకలు జోరుగా ఉంటాయి. హోసూరు పక్కనే హైవే ఒడ్డున ఉన్న సానమావు అడవిదాకా వచ్చేస్తాయి. రాత్రంతా మంచె మీద టపాకాయలు పట్టుకుని కూర్చునే రైతుకి ఏనుగు అంటే ఫొటో కాదు, ఏడాది తిండి. 2014లో 504 చదరపు కిలోమీటర్ల అడవిని కావేరి ఉత్తర అభయారణ్యంగా ప్రకటించారు. 2022లో దాని పక్కనే కావేరి దక్షిణ అభయారణ్యం వచ్చింది. నది ఒడ్డు తెల్లమద్ది చెట్ల మీద అరుదైన బూడిదరంగు పెద్ద ఉడుత బతుకుతోంది. ముదుమలైలాగా జీపెక్కి తిరిగే అడవి కాదిది. రోడ్డు మీద బండి దిగకుండా, హారను కొట్టకుండా, చీకటి పడేలోగా బయటపడడమే ఇక్కడి మర్యాద.

ఆ అడవి మధ్యనుంచే అంచెట్టి మీదుగా హొగేనకల్ జలపాతానికి దారి పోతుంది. జలపాతం ధర్మపురి జిల్లాలోది, కానీ ఈ దారిలో వెళ్ళడంలో ఉన్న మజా ధర్మపురి నుంచి బస్సులో వెళ్ళినవాళ్ళకి దక్కదు. కావేరి అక్కడ నల్లటి రాళ్ళని కోసుకుంటూ పాయలు పాయలుగా దూకుతుంది. పుట్టిలో కూర్చుని రాతిగోడల మధ్యకి పోతుంటే నడిపేవాడు సరదాగా పుట్టిని గిర్రున తిప్పుతాడు. లైఫ్ జాకెట్టు ఇస్తేనే ఎక్కండి. ఒడ్డున నూనె మర్దన చేసేవాళ్ళు వీపు చూడగానే పిలుస్తారు, పట్టిన చేపని అప్పటికప్పుడు మసాలా పట్టించి వేయించేవాళ్ళు ముక్కుని పట్టుకుని లాగుతారు. జులై, ఆగస్టుల్లో కర్ణాటక ఆనకట్టల నుంచి నీళ్ళు వదిలితే స్నానాలూ పుట్టీలూ రెండూ బందు. బయల్దేరేముందు ప్రవాహం ఎంతుందో వార్తల్లో చూసుకోండి. చూసుకోకుండా వెళ్ళినవాళ్ళకి చేపల వేపుడు మాత్రం గ్యారంటీ.

హైదరాబాదు, విజయవాడల నుంచి వచ్చేవాళ్ళు బెంగళూరు దాకా రైల్లో వచ్చి, సేలం వైపు పోయే రైలో, నలభై కిలోమీటర్ల బస్సు ప్రయాణమో పట్టుకుంటే హోసూరు చేరతారు. కృష్ణగిరికి మాత్రం బస్సే దిక్కు. ఒకప్పుడు తిరుపత్తూరు నుంచి చిన్న గేజి రైలు వచ్చేది, తర్వాత ఎత్తేశారు. చిత్తూరు వాళ్ళకైతే కుప్పం మీదుగా సులువు. రెండు రోజులు చేతిలో ఉంటే మొదటి రోజు తెల్లవారగానే కృష్ణగిరి కోట, ఎండ తగ్గాక మల్లచంద్రం. రెండో రోజు దెంకణికోట, అంచెట్టి, హొగేనకల్. నీళ్ళ సీసాలు, టోపీ, పట్టు ఉన్న బూట్లు తప్పనిసరి. బండ వానలో జారుతుంది, ఎండలో కాలుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు రెండు బాధలూ తక్కువ.